పిల్లలకు షాట్‌పుట్ నేర్పడం: ముందు కాళ్లు, చివర చెయ్యి

జోనల్ పోటీల సర్క్యులర్ వచ్చాకే చాలా స్కూళ్లలో షాట్‌పుట్ గుర్తొస్తుంది. క్లాసులో కాస్త ఒళ్లున్న పిల్లాణ్ని పిలుస్తారు. స్టోర్ రూమ్‌లో మూలన పడున్న గుండు తీసి చేతిలో పెడతారు. "బలమంతా పెట్టి వెయ్ రా" అంటారు. వాడు పాపం బలమంతా పెడతాడు, అదీ చేతి బలం మాత్రమే. వారం తిరక్కుండా భుజమో మోచెయ్యో పట్టుకుని కూర్చుంటాడు. ఆ తర్వాత వాడు గుండు వైపు చూడడు.

ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ టీచరుగా పనిచేస్తున్నాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు పొద్దున్నే త్రోలు నేర్పుతాను. కొత్తగా చేరిన పీఈటీలు, తమ పిల్లలకు తామే నేర్పుకుంటున్న తల్లిదండ్రులు అడుగుతుంటారు కాబట్టి నేను నేర్పే వరస ఇక్కడ రాస్తున్నాను. గుండును దూరం పంపేది కాళ్లు. చెయ్యి పని చివర్లో వస్తుంది. అందుకే నేర్పడం కూడా చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవాలి: ముందు నిలబడి వేయడం, అది కుదిరాక గ్లైడ్ (సర్కిల్‌లో వెనక్కి జారుతూ వచ్చి వేయడం), రొటేషన్ (గుండ్రంగా తిరిగి వేయడం) చాలా తర్వాత. కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎడమచేతి వాటం పిల్లలకు అటుదిటు చేసి చెప్పండి.

గుండు బరువు దగ్గర తొందర వద్దు

పెద్దవాళ్లలో మగవాళ్లది 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. అండర్-20లో అబ్బాయిలకు 6, అమ్మాయిలకు 4. అండర్-18లో అబ్బాయిలకు 5, అమ్మాయిలకు 3. ఇంకా చిన్న వయసు పోటీలకు ఆ పోటీ సర్క్యులర్‌లో ఏ బరువు రాశారో చూసుకోవాలి. కానీ ఇవన్నీ పోటీ బరువులు. నేర్చుకునేటప్పుడు వీటితో పని లేదు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు నేను కిలో మెడిసిన్ బాల్‌తో (వ్యాయామానికి వాడే బరువు బంతి) మొదలుపెడతాను. అది లేకపోతే పాత రబ్బరు బంతికి చిన్న గాటు పెట్టి, ఇసుక నింపి, టేపు చుట్టేస్తే సరిపోతుంది. తర్వాత 2 కిలోల గుండు. దాన్ని మెడ దగ్గర పెట్టుకుని మోచెయ్యి కిందికి జారకుండా పది సెకన్లు నిలబడగలిగితే ఆ బరువు ఆ పిల్లకు సరిపోయినట్టు. మోచెయ్యి వణికినా, తల పక్కకు వాలినా ఇంకా తేలికది ఇవ్వండి.

బరువైన గుండు ఇచ్చినప్పుడు పిల్లలు ఒళ్లు వంకర చేసి ఎలాగోలా దాన్ని అవతల పడేస్తారు. ఆ వంకరే అలవాటైపోతుంది. రెండు నెలల్లో అయిన అలవాటును మాన్పించడానికి ఏడాది పడుతుంది.

గ్రౌండు సంగతి

మన స్కూళ్లలో సిమెంటు సర్కిల్ ఉండటం అరుదు. మేకు, సుతిలి, సున్నం ఉంటే చాలు. సర్కిల్ వ్యాసం 2.135 మీటర్లు కాబట్టి, మేకు పాతి దానికి 1 మీటరు 6.75 సెంటీమీటర్ల సుతిలి కట్టి గీసేయండి. గుండు పడాల్సిన చోటును సెక్టార్ అంటారు, దాని కోణం 34.92 డిగ్రీలు అని పుస్తకంలో ఉంటుంది. దాన్ని కోణమాపకంతో కొలవక్కర్లేదు. సర్కిల్ మధ్య నుంచి 20 మీటర్ల దూరంలో రెండు గీతల మధ్య ఎడం సరిగ్గా 12 మీటర్లు ఉండాలి, అంతే. సర్కిల్ ముందు అంచున కాలు ఆపుకోవడానికి ఉండే స్టాప్ బోర్డు ఎత్తు 10 సెంటీమీటర్లు. బోర్డు లేకపోతే అంత ఎత్తున్న చెక్క ముక్కను మేకులతో బిగించండి. బోర్డు అలవాటు లేని పిల్లలు పోటీలో దాన్ని చూసి టెన్షన్ పడతారు, లేదా దాని మీద కాలేసి ఫౌల్ అవుతారు.

భద్రత విషయంలో నేను ఎవరి మాటా వినను. మన గ్రౌండ్లలో ఒక పక్క క్రికెట్, ఇంకో పక్క ఖోఖో నడుస్తుంటాయి. బంతి కోసం పరిగెత్తే పిల్లాడు గుండు వస్తోందా అని చూడడు. అందుకే గోడ వైపు తిరిగి వేయించండి. అందరూ సర్కిల్ వెనక నిలబడాలి, అందరూ వేయడం అయ్యాక విజిల్ వేస్తే అప్పుడు కలిసి వెళ్లి గుండ్లు తెచ్చుకోవాలి. గుండును ఎవరికీ విసిరి అందించకూడదు, మోసుకొచ్చి కిందపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నరకల్లా ప్రాక్టీసు ముగించండి. ఎండలో వదిలేసిన ఇనుప గుండు మెడకు తగిలితే చర్మం చురుక్కుమంటుంది. వానాకాలంలో మొరం మట్టి గుండుకు అంటి జారుతుంది. ఒక పాత బట్ట దగ్గర పెట్టుకుని ప్రతి త్రోకి ముందు తుడిపించండి.

పట్టు, మెడ

గుండు అరచేతిలో కూర్చోకూడదు. నడుమ ఉన్న మూడు వేళ్ల మొదళ్ల మీద ఆనాలి. బొటనవేలు, చిటికెనవేలు పక్కల నుంచి కాపు కాస్తే చాలు. తర్వాత దాన్ని దవడ కింద, మెడకు ఆనించాలి. మోచెయ్యి పక్కకు లేచి ఉండాలి, డొక్కకు అతుక్కోకూడదు.

ఇది సరిగ్గా ఉందో లేదో చూడటానికి నేను గుండుకు కొంచెం తడి చేసి చాక్‌పీసు పొడి రాస్తాను. పిల్లలు అయిదారు సార్లు వేశాక వరసలో నిలబెట్టి చేతులు, మెడలు చూస్తాను. మెడ మీద తెల్లటి మచ్చ పడి, అరచెయ్యి నడుమ శుభ్రంగా ఉంటే పట్టు కుదిరినట్టు. అరచెయ్యంతా తెల్లగా ఉండి మెడ మీద ఏమీ లేకపోతే గుండు అరచేతిలో కూర్చుంటోంది, మెడకు దూరంగా ఉంటోంది. పిల్లలు ఒకరి మెడ ఒకరు చూసుకుని తామే దిద్దుకుంటారు. నేను నోరు నొచ్చేలా చెప్పేదానికన్నా ఇది బాగా ఎక్కుతుంది. యూనిఫాం కాలర్ పాడవుతోందని అమ్మలు అంటారు కాబట్టి ప్రాక్టీసుకు పాత టీషర్టు తెచ్చుకోమనండి.

మెడ నుంచి గుండు ముందే విడిపోతే రెండు నష్టాలు. వేసేటప్పుడు చెయ్యి ఆ స్థానం కన్నా కిందికి దిగినా, గుండు భుజాల గీతకు వెనక్కి పోయినా నిబంధనల ప్రకారం ఫౌల్. రెండోది మోచెయ్యి దెబ్బతినడం. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, మంచి పొడగరి, చురుకైనది, ఒకరోజు వచ్చి "మేడమ్, చెయ్యి నొస్తుంది" అంది. "ఏడ నొస్తుందమ్మా, చూపించు" అంటే మోచేతి లోపలి ఎముక మీద వేలు పెట్టింది. ఎముక లోపలి వైపు నొప్పి అంటే క్రికెట్ బంతిలాగా వేస్తోందన్నమాట. పక్కన నిలబడి చూశాను. మోచెయ్యి ముందు దిగిపోతోంది, గుండు దాని వెనకాల ఈడ్చుకొస్తోంది. నొప్పి పూర్తిగా తగ్గేదాకా వేయడం ఆపించి కాళ్ల వ్యాయామాలు మాత్రమే చేయించాను. తర్వాత కిలో బంతితో మొదలుపెట్టి ఒక్కటే చెప్పాను: "వదిలాక నీ అరచెయ్యి బయటికి, బొటనవేలు నేలకు చూడాలమ్మా." బొటనవేలు కిందికి చూడాలంటే మోచెయ్యి ఎత్తుగా ఉండక తప్పదు. మోచెయ్యి గురించి ఒక్క మాట కూడా అనకుండానే అది లేచింది.

నిలబడి వేయడం: అసలు పని ఇక్కడే

మొత్తం శిక్షణలో సగం కన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నేను నాలుగు మెట్లలో నేర్పుతాను. మొదట మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మెడిసిన్ బాల్‌ను ఛాతీ దగ్గర నుంచి ముందుకు నెట్టడం. తర్వాత నిలబడి, ముందుకు చూస్తూ, మోకాళ్లు కొంచెం వంచి ఒంటిచేత్తో. మూడోది పక్కకు తిరిగి. నాలుగోది గుండు పడే వైపుకు వీపు పెట్టి వేయడం, దాన్నే పవర్ పొజిషన్ అంటాం.

పవర్ పొజిషన్‌లో కాళ్ల స్థానం ముందు చూడండి. కుడి పాదం సర్కిల్ నడుమ, ఎడమ పాదం స్టాప్ బోర్డు దగ్గర. పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. గుండు పోయే దిశలో ఒక సున్నం గీత గీస్తే, కుడి మడమ, ఎడమ కాలి వేళ్లు ఆ గీత మీద ఉండాలి. ఎడమ పాదం గీత దాటి కుడి వైపు వస్తే నడుము తిరగడానికి దారి ఉండదు. మరీ ఎడమకు పోతే బలం పక్కకు కారిపోతుంది. బరువంతా కుడి కాలి మీద, ఆ మడమ నేలకు కొంచెం లేచి ఉండాలి. ఛాతీ వెనక్కి చూస్తుండాలి. గడ్డం, కుడి మోకాలు, కుడి బొటనవేలు ఒకే నిలువు గీతలో ఉండాలి. అనుమానం వస్తే సుతిలికి చిన్న రాయి కట్టి గడ్డం దగ్గర పట్టుకుంటాను. రాయి మోకాలు మీదుగా దిగి బొటనవేలు దగ్గర ఆగితే బాగున్నట్టు. వెనక నేల మీద మూడు మీటర్ల దూరంలో ఒక చెప్పు పెట్టి, చివరి క్షణం దాకా దాన్నే చూడమనండి. కళ్లు ముందే తిరిగితే భుజాలు కూడా తిరిగిపోతాయి.

ఇక వేయడం. కుడి పాదం నేలను తోస్తూ తిరుగుతుంది, మడమ బయటికి పోతుంది. దాంతో కుడి నడుము ముందుకొస్తుంది. ఛాతీ దాని వెనకే తెరుచుకుంటుంది. అన్నీ అయ్యాకే చెయ్యి. చివర్లో మణికట్టు, వేళ్లు ఒక్కసారి చరుస్తాయి. ఈ మాటలన్నీ పిల్లలకు చెబితే అయోమయపడతారు. నేను వాళ్లను అడుగుతాను: "మీ నాయన ఆటో చెడిపోయి ఆగిపోతే ఎట్ల నెడతవ్? చేతులతోనా, కాళ్లతోనా?" మా స్కూల్లో ఆటో నడిపేవాళ్ల పిల్లలు చాలామంది. వెంటనే చేసి చూపిస్తారు: చేతులు కదలవు, వెనక కాలు నేలలో దిగబడుతుంది, నడుము తోస్తుంది. "ఇప్పుడు గుండును అట్లనే నెట్టు" అంటే చాలు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు చేతి బలం తప్ప ఏమీ వాడేవాడు కాదు. ఆ రోజు కుడి కాలు కింద మట్టి లేచేలా తిరిగాడు. అప్పటి నుంచి వాడి త్రో చూడాలంటే నేను గుండు వైపు చూడను. వాడి కుడి బూటు కింద మొరంలో పడ్డ గుండ్రటి గీరను చూస్తాను.

ఎడమ వైపు సంగతి చాలామంది వదిలేస్తారు. గుండు వదిలే క్షణంలో ఎడమ కాలు నిటారుగా గట్టిపడాలి, ఎడమ మోచెయ్యి ఒంటికి దగ్గరగా లాక్కోవాలి. ఎడమ వైపు మెత్తబడి ముందుకు జారిపోతే కుడి వైపు తెచ్చిన వేగమంతా వృథా. పిల్లల ఎడమ భుజం పక్కన చెయ్యి అడ్డం పెట్టి, "దీన్ని దాటి పోవద్దు" అని నెమ్మదిగా చేయించండి.

కోణం గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. భుజం ఎత్తు నుంచి వదులుతాం కాబట్టి 45 డిగ్రీలు అక్కర్లేదు, 35 నుంచి 38 మధ్య బాగుంటుంది. కానీ కోణం కన్నా వేగం చాలా ముఖ్యం. లెక్క చూడండి. నేలకు 1.6 మీటర్ల ఎత్తు నుంచి, సెకనుకు 8 మీటర్ల వేగంతో, 37 డిగ్రీల్లో వదిలిన గుండు సుమారు 7.95 మీటర్లు పోతుంది. కోణం 34 అయినా, 45 అయినా పోయేది పది సెంటీమీటర్లు కూడా కాదు. అదే వేగం పదో వంతు పెరిగితే దూరం 9 మీటర్లు దాటుతుంది. బాగా చదునుగా, 20 డిగ్రీల్లో వేసే పిల్లలు మాత్రం మీటరుకు పైగా పోగొట్టుకుంటారు. వాళ్ల కోసం వాలీబాల్ పోల్స్‌కు రెండున్నర మీటర్ల ఎత్తులో తాడు కట్టి, రెండు మీటర్లు వెనక నిలబెట్టి తాడు మీదుగా వేయించండి. మిగతా వాళ్ల దగ్గర కోణం ఊసే ఎత్తొద్దు.

గ్లైడ్

నిలబడి వేయడంలో కాళ్లు, నడుము, చెయ్యి వరసగా వస్తున్నాయని నమ్మకం కుదిరాకే గ్లైడ్. గుండు పడే వైపుకు వీపు పెట్టి సర్కిల్ వెనక నుంచి మొదలుపెట్టే ఈ పద్ధతిని 1950ల్లో అమెరికాకు చెందిన ప్యారీ ఓబ్రియన్ తెచ్చాడు. 1952, 1956 ఒలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. గ్లైడ్ పని ఒక్కటే: పవర్ పొజిషన్‌కు వేగంతో చేరడం. అది చెదిరిపోతే గ్లైడ్ ఎంత వేగంగా ఉన్నా దండగ.

ముందు గుండు లేకుండా. కుడి కాలి మీద వంగి, ఎడమ కాలును నేలకు దగ్గరగా స్టాప్ బోర్డు వైపు తన్నాలి, పైకి కాదు. కుడి కాలు మడమతో నేలను నెట్టి, వెంటనే ఒంటి కిందికి లాక్కుని సర్కిల్ నడుమ దిగాలి. రెండు పాదాలూ దాదాపు ఒకేసారి నేలకు తగలాలి. కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినండి. 'టప్... టప్' అని ఎడంగా వినిపిస్తే ఎడమ కాలు ఆలస్యంగా దిగుతున్నట్టు. ఈ మధ్యలో భుజాలు మాత్రం వెనక్కే చూస్తుండాలి. తోటి విద్యార్థి వెనక నిలబడి పిల్ల ఎడమ చెయ్యిని వేళ్లతో తేలిగ్గా పట్టుకుని, కుడి పాదం దిగాక వదిలేస్తే భుజాలు ముందే తిరగవు.

గ్లైడ్ మొదలుపెట్టగానే దూరం తగ్గుతుంది. ఇది ప్రతి పిల్లకూ జరుగుతుంది, ముందే చెప్పి పెట్టండి. లేకపోతే 'నిలబడి వేస్తేనే ఎక్కువ పోతుంది' అని వెనక్కి పోతారు. ఆ వారాల్లో దూరం కొలిచే టేపు బయటికి తీయకండి.

రొటేషన్ గురించి పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి వచ్చి అడుగుతారు. 1976లో అలెగ్జాండర్ బారిష్నికోవ్ ఆ పద్ధతిలో 22 మీటర్లు వేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. 2023లో ర్యాన్ క్రౌజర్ 23.56 మీటర్లు వేసిందీ తిరిగే. డిస్కస్ తిరగడం వచ్చిన, కాళ్లు చురుకైన పిల్లలకు పదో తరగతి దాటాక అది సరిపోవచ్చు. అంతకుముందు వద్దని నా అభిప్రాయం.

బలం, తిండి, ఇల్లు

వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై నుంచి ముప్పై త్రోలు చాలు. మిగతా సమయం 30 మీటర్ల పరుగు, కప్ప గంతులు, నిలబడి లాంగ్‌జంప్, బస్కీలు, మెడిసిన్ బాల్‌ను తల మీదుగా వెనక్కి వేయడం. ఎదిగే వయసులో ఎంత బరువు లేపగలరో చూద్దామని బార్‌బెల్ ఎత్తించడం నాకు నచ్చదు. గుడ్డు, పల్లీపట్టీ, పప్పు, పెరుగు సరిగ్గా తింటే చాలు. పౌడర్ డబ్బాలు కొనొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెబుతాను.

"ఆడపిల్లకు గుండు ఎందుకు మేడమ్, చేతులు మొరటైతయ్" అని వచ్చే అమ్మలుంటారు. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి బరువులెత్తి పతకం తెచ్చింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కిరణ్ బలియాన్ 17.36 మీటర్లు వేసి కాంస్యం గెలిచింది. మహిళల షాట్‌పుట్‌లో మనకు 72 ఏళ్ల తర్వాత వచ్చిన పతకం అది. వాళ్ల అమ్మాయి వేస్తుంటే ఒకసారి గ్రౌండుకు వచ్చి చూడమనండి. చూశాక వద్దన్న అమ్మ నాకింతవరకు కనపడలేదు.

పోటీకి ముందు, పోటీ రోజు

మట్టి మీద నేర్చుకున్న పిల్లలను పోటీకి ముందు ఒక్కసారైనా సిమెంటు సర్కిల్ ఉన్న గ్రౌండుకు తీసుకెళ్లండి. మట్టి మీద కుదిరిన గ్లైడ్ సిమెంటు మీద అడుగు ముందుకు జారుతుంది. అరిగిపోయిన కాన్వాస్ బూట్లతో అయితే ఇంకా ఎక్కువ. 2003లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిగిన గచ్చిబౌలి స్టేడియాన్ని కూడా చూపించండి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకే రైలు. పెద్ద స్టేడియం ముందే చూసిన పిల్లలు తర్వాత అక్కడ బెదరరు.

ఫౌళ్లు ఇంట్లోనే వల్లె వేయించండి. స్టాప్ బోర్డు లోపలి వైపు కాలు తగలొచ్చు, పై భాగం మీద పెట్టకూడదు. గుండు నేల మీద పడేదాకా సర్కిల్ వదలకూడదు. బయటికి వచ్చేది వెనక సగం నుంచే. సంబరంలో ముందు నుంచి దూకేసి మంచి త్రో పోగొట్టుకునే పిల్లలు ప్రతి పోటీలో ఉంటారు. అందుకే ప్రాక్టీసులో కూడా ప్రతి త్రో తర్వాత వెనక నుంచే బయటికి రావాలని నా నియమం. వదిలాక కుడి కాలు ముందుకు, ఎడమ కాలు వెనక్కి మార్చి వంగి ఆగడం కూడా అప్పుడే నేర్పండి.

సాధారణంగా అందరికీ మూడు అవకాశాలు, మొదటి ఎనిమిది మందికి మరో మూడు. మొదటిది నిలబడి, సేఫ్‌గా వేయించండి. కొలత నమోదయ్యాక పిల్లలు తేలికపడి గ్లైడ్ బాగా చేస్తారు. త్రోకీ త్రోకీ మధ్య మీరు దూరం నుంచి పది సూచనలు అరవకండి. ఒక్క మాట ఎంచుకోండి. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయికి "బొటనవేలు" అంటాను, ఆ అబ్బాయికి "ఆటో" అంటాను. వాళ్లకు అర్థమవుతుంది.

మర్నాడు విశ్రాంతి. ఆ తర్వాతి ప్రాక్టీసు మళ్లీ 2 కిలోల గుండుతో, నిలబడి వేయడం నుంచే మొదలుపెట్టండి, పతకం వచ్చిన పిల్లకైనా సరే.